ఎలక మీసం... కుంచెడు వడ్లు

మా అమ్మాయికి సంబంధాలు చూస్తున్న రోజులవి. ఇంటికొచ్చిన పెళ్ళిళ్ళ పేరయ్య డైరీ తెరిచి, పెన్ను మూత తీసి అడిగాడు.

‘‘అమ్మాయి అమెరికాలో ఏం చేస్తోంది మాస్టారూ?’’

‘‘ఎలకల మీసాలు కొలుస్తోందండీ’’ అన్నాను.

ఆయన పెన్ను ఆగిపోయింది. వేళాకోళమాడుతున్నానేమోనని నా మొహంలోకి చూశాడు. వంటింట్లోంచి మా ఆవిడ గబగబా వచ్చి ‘‘మెదడు మీద పరిశోధనండీ. పీహెచ్‌డీ’’ అని సర్దేసింది. ఆయన హమ్మయ్య అనుకుని ఆ ముక్క రాసుకున్నాడు. ఆయన గుమ్మం దాటాక ఆ పూటంతా నాకు చీవాట్లే.

నేను చెప్పింది మాత్రం అబద్ధం కాదు. మా అమ్మాయి చేసే పని అదే. ఎలక చీకట్లో నడుస్తున్నప్పుడు దాని మీసాలు ఎటు కదులుతున్నాయి, ఎంత కదులుతున్నాయి, ఎంత వేగంగా కదులుతున్నాయి... ఇదే కొలత. ముప్ఫై ఏళ్ళకు పైగా హైస్కూల్లో సైన్సు పాఠాలు చెప్పినవాణ్ణి కాబట్టి నాకది చిన్నపనిగా అనిపించలేదు. కానీ ఆ పని పేరు విన్నప్పుడల్లా నాకు వేరే కొలత ఒకటి గుర్తొచ్చేది. అది ఎవరికీ చెప్పలేదు. ఆ సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మాది నెల్లూరు జిల్లా విడవలూరు మండలంలో సముద్రానికి దగ్గరి పల్లె. పెన్నా కాలవ నీళ్ళు అందే చివరి పొలాలు మావి. తూర్పుకెళితే చవుడు నేల, తాటిచెట్లు, ఆ పైన సముద్రం. రాత్రిపూట గాలి తిరిగితే ఆరుబయట మంచం మీదికి అలల హోరు వినబడేది. మొలగొలుకుల బియ్యానికి నెల్లూరు పెట్టింది పేరు. ఆ బియ్యం రుచి మాకంటే ముందు ఎలకలకు తెలుసు.

పొలం ఎలకంటే ఇంట్లో అటక మీద తిరిగే చిట్టెలక కాదు. పందికొక్కు జాతిది. పైరు ఎదుగుతుంటే మొదట్లో కొరికేస్తుంది. కంకి గట్టిపడ్డాక కోసి కలుగులోకి లాక్కెళుతుంది. గట్టు కింద దోవలు, ఆ దోవల చివర గూడు, పక్కనే వడ్లు దాచుకునే అర. గాదె కట్టుకునే తెలివి మనిషికొక్కడికే ఉందనుకుంటే పొరపాటు.

ఆ కలుగులు తవ్వడానికి ఏటా కోతలయ్యాక ఒకాయన వచ్చేవాడు. యానాది. ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. రాస్తానని అడిగితే ‘‘పేపర్లో నా పేరెందుకు సామీ’’ అన్నాడు. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. అప్పట్లో మా ఇంట్లో ఎవరమూ ఆయన్ని ‘ఆయన’ అనలేదు. నాకంటే పదేళ్ళు పెద్ద. అయినా మాకు ‘వాడే’. చిన్నపిల్లలు కూడా ‘ఏరా’ అనే పిలిచేవాళ్ళు.

నెల్లూరు తీరంలో యానాదులు నిన్నమొన్న వచ్చినవాళ్ళు కాదు. శ్రీహరికోట నుంచి 1971 అక్టోబరు 9న మొదటి రాకెట్ ఎగిరింది. అంతకుముందు ఆ దీవి అడవుల్లో వాళ్ళు కాయా దుంపా ఏరుకుని, చేపలు పట్టుకుని బతికారు. మన జిల్లావారే అయిన వెన్నెలకంటి రాఘవయ్యగారు వాళ్ళకోసం ఎంతో పాటుపడి, 1962లో వాళ్ళ జీవితం మీద ఇంగ్లిషులో పుస్తకమే రాశారు. ఆ పుస్తకాన్ని నేను పదవీ విరమణ చేశాకే చదివాను.

ఆయన పనిముట్లు మూడే. గడ్డపార, పొగకుండ, కొబ్బరి ఈనె.

పొగకుండ అంటే అడుగున చిల్లి పెట్టిన పాత మట్టికుండ. అందులో వరిగడ్డి కుక్కి నిప్పంటించి, కుండ మూతిని కలుగు నోటికి ఆనించి, సందుల్లో బురద మెత్తి, చిల్లిలోంచి నోటితో ఊదాలి. పొగ కలుగంతా నిండితే ఎలక ఉక్కిరిబిక్కిరై చిక్కుతుంది. అయితే కలుగులోకి ఎంత పొగ పోయేదో, ఊదే మనిషి గుండెల్లోకి అంతే పోయేది. ఆయన పెదాల మీద కాలిన మచ్చలు నాకిప్పటికీ గుర్తు. 2000ల మొదట్లో తమిళనాడులో ఇరుళ తెగవాళ్ళ కోసం నోటితో ఊదక్కర్లేకుండా చేత్తో తిప్పే ఇనప కుండ తయారుచేశారని తర్వాతెప్పుడో చదివాను. మా పొలంలో మాత్రం చివరిదాకా మట్టికుండే.

కుండ కంటే ముందు ఈనె పని చెప్పేవాడు. రెండు మూరల పొడవున్న కొబ్బరి ఈనె, మొదలు లావు, కొస సన్నం. దాన్ని కలుగులోకి పంపి, మొదలు రెండు వేళ్ళ మధ్య వదులుగా పట్టుకుని, కళ్ళు మూసుకుని మెల్లగా అటూ ఇటూ ఆడించేవాడు. ‘‘ఈడ మలుపుండాది. ఇది పాత దోవ, పూడిపోయింది. ఈ పక్క మెత్తగా తగలతా ఉండాది, గూడు’’ అని చెప్పుకుపోయేవాడు. అక్కడే తవ్వేవాడు. తప్పేది తక్కువ. చిన్నప్పుడు మేమంతా చీపురుపుల్లలు పట్టుకుని ఆయనలా ఆడించి చూసేవాళ్ళం. మాకు మట్టి తప్ప ఏమీ తెలిసేది కాదు.

ఈ పనికి కూలి లేదు. చిక్కిన ఎలకలు ఆయనవి. కలుగులో దొరికిన వడ్లూ ఆయనవే. మా తాతల నాటి కట్టుబాటు అది. నాన్న ఎప్పుడూ ఆ గోతం వైపు చూసేవాడు కూడా కాదు.

1983లో ఆ గోతం వైపు చూసింది నేను.

అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు. బీఎస్సీ అయిపోయి, బీఈడీ సీటు కోసం చూస్తూ ఇంట్లో ఉన్నాను. ఆ ఏడు మా పంట దెబ్బతింది. నాన్న జ్వరంతో మంచం పట్టడంతో పొలం పని నా మీద పడింది. తూర్పు గట్టు కింద ఆయన ఒక పెద్ద కలుగు తవ్వాడు. అరలోంచి వడ్లు జలజలా రాలాయి. బంగారం రంగు మొలగొలుకులు. నా డిగ్రీ బుర్ర లెక్కలు కట్టింది.

‘‘ఇవి మా వడ్లే కదా’’ అన్నాను.

ఆయన తలెత్తి చూశాడు.

‘‘ఎలక తిన్నవి ఎటూ పోయాయి. ఇవి తినలేదు కదా. సగం మాకు రావాలి’’ అన్నాను. ఇంటి నుంచి కుంచం తెప్పించాను. ఈ కాలం పిల్లలకు తెలియకపోవచ్చు. నాలుగు మానికలు ఒక కుంచం, నాలుగు కుంచాలు ఒక తూము, ఇరవై తూములు ఒక పుట్టి. పుట్టి లెక్కల్లో వడ్లమ్ముకునే ఇంటివాణ్ణి, గట్టు మీద కూర్చుని మానికలు కొలిచాను. ఆయనే గోతం మూతి తెరిచి పట్టుకున్నాడు. పక్కన ఆయన భార్య, నడుమున చంటిబిడ్డ. ఒక్కరూ ఒక్క మాటన్లేదు.

ఇంటికొచ్చి నాన్నకు చెప్పాను, మెచ్చుకుంటాడని. ఆయన చాలాసేపు పలకలేదు. ‘‘ఎలక నోటి దగ్గర కూడా కొలతేనా?’’ అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. తిరిగిచ్చెయ్యమని ఆయన అనలేదు. నేనూ ఇవ్వలేదు.

మరుసటేడు కోతలయ్యాక ఆయన మళ్ళీ వచ్చాడు. పనంతా ముగించి, ఎవరూ అడక్కుండానే గోతం మోసుకొచ్చి మా వాకిట్లో దించాడు. పక్కకు జరిగి చేతులు కట్టుకుని నిలబడ్డాడు, కొలుచుకోమన్నట్టు. నాకు తల కొట్టేసినట్టయింది. ‘‘అక్కర్లేదు, తీసుకుపో’’ అని కసిరాను. ఆ పై ఏడూ అంతే. అక్కర్లేదన్నా మా వాకిట్లో గోతం దించకుండా ఒక్క ఏడూ ఇంటికి పోలేదు.

తర్వాత నాకు ఉద్యోగం వచ్చింది. తొంభైల్లో మా తీరమంతా రొయ్యల గుంటలయింది. మేమూ పొలం లీజుకిచ్చాం. రెండు పంటలు డబ్బు బాగానే కనబడింది. ఆ తర్వాత వైరస్ వచ్చి గుంటలకు గుంటలే తెల్లారిపోయాయి. 1996 డిసెంబరు 11న తీరంలోని రొయ్యల చెరువుల మీద సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. తీర్పులు వచ్చినా, ఉప్పెక్కిన మా నేల మాత్రం మళ్ళీ వరికి రాలేదు. వరి లేని చోట పొలం ఎలకా ఉండదు. ఎలక లేని చోట ఈనెతో పనేముంది? ఆయన గుంటలకు రాత్రి కాపలా కుదిరాడు.

2019 సంక్రాంతికి మా అమ్మాయి ఇంటికొచ్చింది. అరుగు మీద కూర్చుని ల్యాప్‌టాప్‌లో తన ఎలకను మాకు చూపించింది. నలుపు తెలుపు బొమ్మ. నీళ్ళలో నాచు ఊగినట్టు మీసాలు నింపాదిగా ముందుకూ వెనక్కూ ఊగుతున్నాయి.

‘‘నిజంగా ఇంత నింపాదిగా ఊగవు నాన్నా. సెకనుకు ఎనిమిది సార్లు ఊపుతుంది. మామూలు కంటికి అది ఉత్త వణుకు’’ అంది.

మూతికి రెండు వైపులా, వైపుకు ముప్ఫై దాకా పొడవాటి మీసాలు, వరసలు తీరి ఉంటాయట. మనం టీవీలో చూసే వీడియోకు సెకనుకు పాతిక బొమ్మలు. ఆ లెక్కన ఒక ఊపుకు మూడే బొమ్మలొస్తాయి. మూడు బొమ్మల్లో ఏం కొలుస్తాం? అందుకని సెకనుకు అయిదొందల బొమ్మలు తీసే కెమెరా వాడతారు. ఒక్క ఊపుకు అరవైకి పైగా వస్తాయి. వెలుగు కూడా ఎలక కంటికి ఆనని పరారుణ కాంతి. ఎలక మటుకు తను చీకట్లోనే ఉన్నాననుకుంటుంది. ఒక్కో బొమ్మలో మీసానికీ మొహానికీ మధ్య ఎన్ని డిగ్రీల కోణముందో కొలిచి, వరసగా గీస్తే అలలొస్తాయి. మొదట్లో ప్రతి బొమ్మ మీదా తనే మౌస్‌తో చుక్కలు పెట్టేదట. ‘‘మౌస్ పట్టుకుని ఎలక మీసాలు కొలిచానమ్మా’’ అని నవ్వింది. 2018లో డీప్‌ల్యాబ్‌కట్ అనే ప్రోగ్రాం వచ్చింది. మనం కొన్ని బొమ్మల మీద చుక్కలు పెట్టి చూపిస్తే చాలు, మిగతా వేల బొమ్మల మీద అదే పెట్టేస్తుందట.

‘‘ఇదంతా కొలిస్తే ఏమొస్తుందే?’’ అంది వాళ్ళమ్మ, అరిసెల పళ్ళెం పక్కన పెడుతూ.

‘‘కరెంటు పోయినప్పుడు అగ్గిపెట్టె కోసం చెయ్యి ఎలా ఆడిస్తావు? ఊరికే చాపి ఉంచితే దొరుకుతుందా? వెతకాలి కదా. తాకడమంటే తగలడం కాదమ్మా, వెతకడం. మెదడు ఆ వెతుకులాట ఎలా చేయిస్తుందో ఎలక మీసంలో అయితే బయటికి కనబడుతుంది’’ అంది.

ఇది నిన్నటి ఆసక్తి కాదట. 1912లోనే స్టెల్లా విన్సెంట్ అనే ఆవిడ, మీసాలు కత్తిరించిన ఎలకలు చిక్కుదారుల్లో ఎలా తడబడతాయో రాశారు. 1970లో ఉల్సీ, వాన్ డెర్ లూస్ అనే ఇద్దరు చిట్టెలక మెదడులో పీపాల్లాంటి కణాల గుంపుల్ని గుర్తించారు. ఒక్కో మీసానికీ ఒక్కో పీపా. మూతి మీద మీసాలు ఏ వరసలో ఉంటే మెదడులో పీపాలూ ఆ వరసలోనే ఉంటాయట.

ఈ కబుర్లలో ఉండగానే గేటు దగ్గర ‘‘సామీ’’ అని పిలుపు. ఆయన. డెబ్భైకి దగ్గరపడ్డ మనిషి. పండక్కి పీతలు తెచ్చాడు. ఆయన గురించి, ఆ ఈనె గురించి మా అమ్మాయికి చిన్నప్పట్నుంచీ కథలుగా చెప్పాను, చెప్పకూడనిది ఒక్కటి మినహాయించి.

‘‘తాతా, లోపలికి రా. కూర్చో’’ అంది.

మా ఇంట్లో ఆయన్ని ‘తాతా’ అన్న మొదటి మనిషి మా అమ్మాయే. ఆయన కుర్చీలో కూర్చోలేదు. మెట్టు మీద కూర్చున్నాడు. తనూ వెళ్ళి ఆ మెట్టు మీదే కూర్చుని ల్యాప్‌టాప్ ఆయన ముందు పెట్టింది.

ఆయన చాలాసేపు చూశాడు. ‘‘మీసం ఒక్కటే చూస్తే ఎట్టమ్మణ్ణీ? ముక్కు చూడు. గాలి పీల్చినప్పుడంతా మీసం ముందుకు పోతాది. రెండూ ఒకటే తాళం’’ అన్నాడు.

మా అమ్మాయి వీడియో ఆపేసింది. వాసన పీల్చడం, మీసం ఊపడం జతగా సాగుతాయని 1964లో వెల్కర్ అనే శాస్త్రవేత్త రాశాడట. ఊపిరి లయే మెదడు కాండంలో మీసాల లయకు తాళం వేస్తుందని 2013లో వివరంగా తేల్చారట. ‘‘నీకెలా తెలుసు తాతా?’’ అనడిగింది.

‘‘చేతిలో పట్టుకుంటే తెలవదా?’’ అన్నాడు, ఆ ప్రశ్నే వింతన్నట్టు.

ఇంకో వీడియో పెట్టింది. చీకట్లో రెండు పలకల మధ్య ఖాళీ. ఎలక అంచుకొచ్చి, మెడ చాచి, అవతల పలక కోసం మీసాలు ఆడిస్తోంది. వెనక్కి పోయింది. మళ్ళీ వచ్చింది. ‘‘ఇప్పుడు దూకుద్ది’’ అన్నాడాయన. దూకింది. ‘‘మీసం తగిలింది గదా. అది ముందు మీసాన్ని పంపుద్ది, ఆనక కాలు పెడతాది’’ అన్నాడు.

మా అమ్మాయి పెరట్లోకి పరుగెత్తి చీపురులోంచి పొడవాటి ఈనె ఒకటి లాక్కొచ్చింది. ఒక అట్టపెట్టెకు కన్నం చేసి, లోపల ఏవో పెట్టి ఆయన ముందుంచింది. ఆయన కళ్ళు మూసుకుని ఈనె లోపలికి పంపాడు. వేళ్ళు కదిలీ కదలనట్టు కదిలాయి. ‘‘గుండ్రంగా ఉండాది, గట్టిది, గలాసు. ఈ పక్క గుడ్డ’’ అన్నాడు. పెట్టె తెరిస్తే స్టీలు గ్లాసు, తువ్వాలు.

‘‘ఈనెకు ఇదంతా ఎలా తెలుస్తుంది తాతా?’’

‘‘ఈనెకేం తెలస్తాదమ్మణ్ణీ, ఎండుపుల్ల. మొదట్లో ఏళ్ళుండాయి గదా, వాటికి తెలస్తాది.’’

మా అమ్మాయి నా వైపు తిరిగింది. ‘‘నాన్నా, మీసమూ అంతే. మీసంలో నరం ఉండదు. అదీ ఎండుపుల్లే. నరాలన్నీ మొదట్లో, కుదురు చుట్టూ ఉంటాయి. తాత చేతిలో ఈనె ఎలక మీసమే’’ అంది. ఆ పూట దాని మొహంలో వెలుగు చూస్తే, మంచి మార్కులొచ్చిన రోజున కూడా అంత చూసినట్టు లేదు.

అదే ఊపులో అడిగింది. ‘‘ఒక్కో కలుగులో ఎన్ని వడ్లుండేవి తాతా?’’

ఆయన ఒక్కసారి నా వైపు చూశాడు. కోపంగా కాదు. మామూలుగానే.

‘‘మీ నాయనకు తెలుసమ్మణ్ణీ. ఆయనే కొలిచింది’’ అన్నాడు.

ఆ రాత్రి భోజనాలయ్యాక మా అమ్మాయికి అంతా చెప్పాను. ముప్ఫై ఆరేళ్ళు మోసిన సంగతి చెప్పడానికి అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. చీవాట్లు పెడుతుందనుకున్నాను. పెట్టలేదు.

‘‘ఎన్ని నాన్నా?’’ అంది.

‘‘కుంచెడు.’’

‘‘కొలిచినవాడివి కదా, ఇవ్వడమూ తెలుస్తుందిలే’’ అని లేచి వెళ్ళింది.

కనుమ మరునాడు పొద్దున్నే ఊళ్ళో ఒక రైతు దగ్గర కుంచెడు వడ్లు కొన్నాను. మాకిప్పుడు పొలం పంట లేదు కదా. తండ్రీ కూతుళ్ళం కాలవ గట్టు మీద యానాది కాలనీకి నడిచాం. ఆయన గుడిసె ముందు వల బాగుచేసుకుంటున్నాడు. ఆయన భార్య పొయ్యి దగ్గరుంది. నడుమున బిడ్డతో ఆనాడు గట్టు మీద నిలబడ్డ మనిషి ఆవిడే.

సంచి కింద పెట్టాను. గొంతు పెగల్లేదు. ఎలాగో కూడదీసుకుని ‘‘ఆ యేడు తీసుకున్న వడ్లు. తప్పు చేశాను’’ అన్నాను. ‘నువ్వు’ అనాలో ‘మీరు’ అనాలో తెలియక మాట అంతటితో ఆపేశాను.

ఆయన వల పక్కన పెట్టాడు. సంచి చూశాడు.

‘‘ఎంతుండాది?’’

‘‘కుంచెడు.’’

‘‘కుంచెడు గాదు సామీ. కుంచెమూ రెండు మానికలు’’ అన్నాడు. పొయ్యి దగ్గర్నుంచి ఆవిడ అవునన్నట్టు తలూపింది.

కొలిచిన నేను మరిచిపోయాను. గోతం పట్టుకున్న ఆయనకు మానికతో సహా గుర్తుంది.

వెనక్కి నడిచి వెళ్ళి రెండు మానికలు తెచ్చాను. ఈసారి సంచి మూతి మా అమ్మాయి తెరిచి పట్టుకుంది. నేను పోశాను. ఆయన సంచిలో చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని, గింజల్ని వేళ్ళ మధ్య అటూ ఇటూ ఆడించాడు. తర్వాత కళ్ళు తెరిచి నవ్వాడు.

‘‘లెక్క సరిపోయింది సామీ. కానీ ఇయ్యి మొలగొలుకులు గావు గదా’’ అన్నాడు.

నిజమే. ఆ మొలగొలుకులు నేనిప్పుడు ఎక్కడి నుంచి తేను?